కళ్లెదుట ఫైల్ ఉన్నా ‘నాట్ ఫౌండ్’: కేలిబ్‌సి దగ్గర ఆగిన ఒక బూట్ కేసు

గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత, తేమ కొలిచి సర్వర్‌కు పంపే చిన్న లినక్స్ పెట్టెలు ఉన్నాయి. వాటిని తయారుచేసి నడిపే సంస్థ 2021 వానాకాలంలో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వదిలింది. ఆ తర్వాత పెట్టెలు రెండు రకాలుగా తేడా చేశాయి. లాన్ కేబుల్ మీద ఉన్నవి అప్‌డేట్ తీసుకుని, రీబూట్ అయి, పాత వెర్షన్‌తోనే లేచి, అదే అప్‌డేట్‌ను మళ్లీ దించుకోవడం మొదలుపెట్టాయి. మొబైల్ డాంగిల్ మీద నడిచేవి రీబూట్ తర్వాత అసలు నెట్‌లోకే రాలేదు.

నన్ను పిలిచేసరికి అక్కడి ఇంజనీర్లు వీటిని రెండు సమస్యలుగా విడదీసి పని పంచుకున్నారు. ఒక జట్టు అప్‌డేట్ ఏజెంట్‌ను, ఇంకో జట్టు డాంగిల్ డ్రైవర్‌ను తవ్వుతోంది. చివరికి తేలిందేమిటంటే రెండూ ఒకే సమస్య. అది పెట్టె ఆన్ అయిన తొలి క్షణాల్లో, అసలు రూట్ ఫైల్ సిస్టమ్ (ప్రోగ్రాములన్నీ ఉండే ప్రధాన డిస్కు భాగం) ఇంకా మౌంట్ కాకముందే, అంటే వాడకానికి తెరుచుకోకముందే పుట్టింది. అక్కడ పనిచేసేది కేలిబ్‌సి అనే అతి చిన్న సి లైబ్రరీ, అంటే సి ప్రోగ్రాములు వాడుకునే మామూలు ఫంక్షన్ల మూట. దాని లోపలి పనితీరు తెలిస్తే ఈ కేసు పది నిమిషాల్లో తేలిపోయేది. తెలియక చాలామంది రోజుల తరబడి తిరుగుతారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పెట్టె బూట్ అయ్యే తీరు

ఇవి డెబియన్ 10 అనే లినక్స్ మీద నడిచే ఎక్స్86 (ఇంటెల్ తరహా ప్రాసెసర్) పెట్టెలు. డిస్కులో రెండు రూట్ పార్టిషన్లు ఉంటాయి: స్లాట్ ఎ, స్లాట్ బి. ఒకటి నడుస్తుంటే అప్‌డేట్‌ను రెండోదానిలో రాస్తారు. కెర్నల్ (లినక్స్ మూల భాగం), ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (అసలు రూట్ దొరికేదాకా మెమరీలో ఉండి పనిచేసే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్) మాత్రం రెండింటికీ ఉమ్మడిగా ఒకే బూట్ పార్టిషన్‌లో ఉంటాయి. ఈ ఏర్పాటు నాకు మొదటి చూపులోనే నచ్చలేదు. దాని ఫలితం ఎలా బయటపడిందో ముందు చెబుతాను.

ఏ స్లాట్ నుంచి లేవాలో చెప్పే సమాచారం డిస్కు మీద 512 బైట్ల చిన్న బ్లాకులో ఉంటుంది. కరెంటు పోయినా చెడకుండా ఆ బ్లాకుకు రెండు ప్రతులు, ఒక్కోదానిలో వరుస సంఖ్య, సీఆర్‌సీ32 (డేటా చెడిందో లేదో చెప్పే తనిఖీ సంఖ్య) ఉంటాయి. షెల్ స్క్రిప్టులో సీఆర్‌సీ లెక్కించడం కష్టం కాబట్టి సంస్థలో ఎవరో స్లాట్‌పిక్ అనే చిన్న సి ప్రోగ్రామ్ రాశారు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోని స్క్రిప్టు దాన్ని నడుపుతుంది. అది ‘ఎ’ అనో ‘బి’ అనో ముద్రిస్తుంది, స్క్రిప్టు ఆ పార్టిషన్‌ను మౌంట్ చేయిస్తుంది. ఏమీ ముద్రించకపోతే స్క్రిప్టు ‘ఎ’ అనుకుంటుంది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి.

స్లాట్‌పిక్‌ను లినక్స్‌లో మామూలుగా వాడే సి లైబ్రరీ జీలిబ్‌సితో కాకుండా కేలిబ్‌సితో కంపైల్ చేశారు. అది తప్పేమీ కాదు. డెబియన్ 10లో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ తయారుచేసే పనిముట్లు కేలిబ్‌సి యుటిలిటీల మీదే ఆధారపడతాయి కాబట్టి ఆ లైబ్రరీ ఎలాగూ లోపల ఉంటుంది. దానికి జతచేసే ప్రోగ్రామ్ కొద్ది కిలోబైట్లే అవుతుంది.

కేలిబ్‌సి ఎందుకు పుట్టింది

2002లో లినక్స్ 2.5 అభివృద్ధి జరుగుతున్నప్పుడు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కెర్నల్‌లోకి వచ్చింది. కెర్నల్ ఒక సీపీఐఓ ఆర్కైవ్‌ను (చాలా ఫైళ్లను ఒకటిగా కట్టిన మూట) మెమరీలోకి విప్పి, అందులోని ఇనిట్ అనే ఫైల్‌ను నడుపుతుంది. రూట్‌ను వెతకడం, నెట్ నుంచి ఐపీ అడ్రస్ తీసుకోవడం, ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్ మీద ఉన్న డిస్కు) మౌంట్ చేయడం వంటి పనులను కెర్నల్ నుంచి తీసి యూజర్‌స్పేస్‌కు, అంటే మామూలు ప్రోగ్రాములకు ఇవ్వాలన్నది ఉద్దేశం. ఆ పనులకు మామూలు సి లైబ్రరీ మోయలేనంత బరువు. సిస్‌లినక్స్ బూట్‌లోడర్ రాసిన హెచ్. పీటర్ ఆన్విన్ అందుకే కేలిబ్‌సి మొదలుపెట్టారు. 2006లో దీన్ని కెర్నల్ సోర్సులోనే కలపాలని ప్యాచ్‌లు పంపారు. అవి ప్రధాన శాఖలోకి చేరలేదు. లైబ్రరీ విడి ప్రాజెక్టుగానే మిగిలి, డెబియన్, ఉబుంటు బూట్‌లలో ఏళ్ల తరబడి పనిచేసింది.

ఇందులో థ్రెడ్లు లేవు, లొకేల్ లేదు, నడుస్తుండగా లైబ్రరీలు లోడ్ చేసుకునే ఏర్పాటు లేదు. ఉన్నది సిస్టమ్ కాల్స్‌కు (ప్రోగ్రామ్ కెర్నల్‌ను పని అడిగే పిలుపులు) పలచటి తొడుగులు, చిన్న మాలాక్ (మెమరీ కేటాయించే ఫంక్షన్), కుదించిన స్టాండర్డ్ ఐఓ, స్ట్రింగ్ ఫంక్షన్లు. ఆ తొడుగులు కూడా చేత్తో రాసినవి కావు. ఒక జాబితా ఫైల్‌లో ఒక్కో సిస్టమ్ కాల్‌కు ఒక్కో వరుస ఉంటుంది, ఒక పెర్ల్ స్క్రిప్టు దాన్ని చదివి ప్రతి ప్రాసెసర్‌కు తగిన కోడ్ పుట్టిస్తుంది. లైబ్రరీతో పాటు డాష్ షెల్, ఐపీకాన్ఫిగ్, ఎన్‌ఎఫ్‌ఎస్‌మౌంట్, రన్‌ఇనిట్ వంటి చిన్న పనిముట్లు వస్తాయి. ఏం వదిలేయాలో ఇంత కచ్చితంగా తెలిసిన కోడ్ అరుదు. ఈ సోర్సును చదివి నేను చాలా నేర్చుకున్నాను. సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు జీలిబ్‌సి కంటే ముందు దీన్నే చూపిస్తాను.

మొదటి ఆనవాలు

లాన్ మీద ఉన్న ఒక పెట్టెలోకి లాగిన్ అయి రెండు విషయాలు అడిగాను: నడుస్తున్న కెర్నల్ ఏది, డెబియన్ వెర్షన్ ఏది. కెర్నల్ 4.19.0-17 అంది. డెబియన్ 10.9 అంది. ఈ జంట కుదరదు. 4.19.0-17 కెర్నల్ 2021 జూన్ 19న వచ్చిన డెబియన్ 10.10తో వచ్చింది. అంటే కెర్నల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ కొత్తవి, రూట్ పాతది.

డాంగిల్ సంగతి అక్కడే తేలిపోయింది. డాంగిల్‌కు కావలసిన ‘ఆప్షన్’ అనే యూఎస్‌బీ సీరియల్ డ్రైవర్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో ఉండదు, రూట్‌లోని మాడ్యూల్స్ డైరెక్టరీ నుంచి రావాలి. పాత రూట్‌లో 4.19.0-16 మాడ్యూల్సే ఉన్నాయి కాబట్టి డ్రైవర్ దొరకలేదు. ఈథర్నెట్ డ్రైవర్ మాత్రం ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోనే ఉండి అక్కడే లోడ్ అయింది. అందుకే కేబుల్ పెట్టెలు బతికి బట్టకట్టాయి. ఆ పెట్టెల్లోని అప్‌డేట్ ఏజెంట్ తను నడుస్తున్న రూట్ పాతదని చూసి, అప్‌డేట్ మళ్లీ మొదలుపెట్టింది. ఏజెంట్ తప్పేమీ చేయలేదు.

ఇక ప్రశ్న ఒక్కటే: స్లాట్ బి అడిగితే ఎ ఎందుకు వచ్చింది? డిస్కు మీది బ్లాకును చదివి చూశాం. రెండు ప్రతులూ సరిగ్గా ఉన్నాయి, సీఆర్‌సీ కుదిరింది, ‘బి’ అని స్పష్టంగా ఉంది. బల్ల మీద ఉన్న ఒక పెట్టెకు సీరియల్ కేబుల్ తగిలించి, కెర్నల్ కమాండ్ లైన్‌లో ‘క్వైట్’ తీసేసి, ‘బ్రేక్’ పారామీటర్‌తో మౌంట్‌కు ముందు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ షెల్‌లో ఆగాం. స్లాట్‌పిక్ ఫైల్ బిన్ డైరెక్టరీలో ఉంది, ఎగ్జిక్యూట్ అనుమతి ఉంది, సైజు సరిగ్గా ఉంది. నడిపితే షెల్ ‘నాట్ ఫౌండ్’ అంది.

చుట్టూ ఉన్నవాళ్లు మొదట ఫైల్ చెడిపోయిందనుకున్నారు. చెడిపోతే కెర్నల్ ఇచ్చే ఎర్రర్ వేరు. ఎల్ఫ్ ఫైల్‌ను (లినక్స్‌లో ప్రోగ్రామ్ ఫైళ్లు ఉండే రూపం ఇదే) నడపమన్నప్పుడు కెర్నల్ దాని హెడర్లలో ఇంటర్‌ప్రెటర్ (ప్రోగ్రామ్ కంటే ముందు నడవాల్సిన సహాయక ఫైల్) పేరు ఉందేమో చూస్తుంది. ఉంటే ఆ రెండో ఫైల్‌ను తెరుస్తుంది. ఆ రెండోది లేకపోయినా తిరిగి వచ్చే ఎర్రర్ అదే: ‘అలాంటి ఫైల్ లేదు’. ఏ ఫైల్ లేదో మాత్రం ఎర్రర్ చెప్పదు. షెల్ తనకు ఇచ్చిన పేరునే తిరిగి ముద్రిస్తుంది.

బిల్డ్ మెషీన్ మీద అన్‌ఎంకే‌ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ పనిముట్టుతో ఆ ఇమేజ్‌ను విప్పి, స్లాట్‌పిక్ మీద ఎల్ఫ్ హెడర్లు చూపే రీడ్‌ఎల్ఫ్ నడిపాం. ఇంటర్‌ప్రెటర్‌గా లిబ్ డైరెక్టరీలోని ‘కేలిబ్‌సి’, ఒక గీత, ఆ పైన 27 అక్షరాల గజిబిజి, చివర ‘ఎస్ఓ’ అని చూపింది. విప్పిన ఇమేజ్ లిబ్ డైరెక్టరీలో కూడా అలాంటి ఫైలే ఉంది. కానీ 27 అక్షరాలు వేరు.

ఆ 27 అక్షరాలు ఏమిటి

కేసంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మామూలు లినక్స్ ప్రోగ్రామ్‌లో ఇంటర్‌ప్రెటర్ అంటే డైనమిక్ లింకర్. అది ప్రోగ్రామ్‌కు ఏ లైబ్రరీలు కావాలో చూసి, వాటిని మెమరీలోకి తెచ్చి, ఏ ఫంక్షన్ ఏ అడ్రస్‌లో ఉందో నడిచే సమయంలో కలుపుతుంది. ఆ కలిపే పనికి సింబల్ పట్టికలు, రీలొకేషన్లు, చాలా కోడ్ కావాలి. కేలిబ్‌సి ఆ పని మొత్తాన్నీ వదిలేసింది. దాని షేర్డ్ లైబ్రరీ మెమరీలో ఒక స్థిరమైన అడ్రస్ దగ్గరే కూర్చుంటుంది. ప్రోగ్రామ్‌ను లింక్ చేసేటప్పుడే ఓపెన్ ఇక్కడ, రీడ్ అక్కడ, మాలాక్ ఇంకోచోట అని అంకెలు నేరుగా ప్రోగ్రామ్‌లోకి ఎక్కిపోతాయి. నడిచే సమయంలో వెతకడం, కలపడం ఏమీ ఉండవు.

మరి లైబ్రరీని మెమరీలోకి తెచ్చేదెవరు? కెర్నలే. కేలిబ్‌సి ప్రోగ్రామ్ తన లైబ్రరీని ‘ఇంటర్‌ప్రెటర్’ అని హెడర్‌లో రాసుకుంటుంది. కెర్నల్ నియమం ప్రకారం ప్రోగ్రామ్‌నూ ఇంటర్‌ప్రెటర్‌నూ లోడ్ చేసి, ముందు ఇంటర్‌ప్రెటర్‌లోకి దూకుతుంది. లైబ్రరీ తన ప్రారంభ పనులు ముగించుకుని, స్టాక్ మీద కెర్నల్ పెట్టిన సహాయక పట్టికలో ప్రోగ్రామ్ ఎంట్రీ అడ్రస్ చదివి, దాన్ని పిలుస్తుంది. ఆ ఎంట్రీ నేరుగా మెయిన్ ఫంక్షనే. డైనమిక్ లింకర్ కోసం ఉన్న కెర్నల్ సదుపాయాన్ని లింకర్ లేని షేర్డ్ లైబ్రరీకి వాడుకోవడం ఈ రంగంలో నేను చూసిన చక్కటి ఆలోచనల్లో ఒకటి.

దీనికి ఒక మూల్యం ఉంది. లైబ్రరీలో ఎక్కడో నాలుగు బైట్ల కోడ్ పెరిగితే ఆ తర్వాత ఉన్న ఫంక్షన్లన్నీ జరుగుతాయి. పాత అడ్రస్‌లు గుర్తుపెట్టుకున్న ప్రోగ్రామ్, ఊళ్లో ఇళ్ల నంబర్లన్నీ మారాక పాత చీటీ పట్టుకుని వచ్చిన మనిషిలా, వేరే ఇంట్లోకి దూరుతుంది. దాన్ని ఆపడానికే ఆ 27 అక్షరాలు. లైబ్రరీ కట్టాక అందులోని సింబల్స్‌నూ వాటి అడ్రస్‌లనూ బయటికి తీసి, ఆ జాబితా మీద షా1 హ్యాష్ (డేటాకు వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కించి, దాన్నే ఫైల్ పేరులో పెడతారు. షా1 అంటే 160 బిట్లు, బేస్64లో 27 అక్షరాలు. ఒక్క అడ్రస్ కదిలినా పేరు మారుతుంది. పేరు మారితే పాత ప్రోగ్రామ్ అసలు మొదలే కాదు.

ఇక్కడ కదిలింది మాలాక్. 2021లో కేలిబ్‌సిలో నాలుగు భద్రతా లోపాలు బయటపడ్డాయి. లోపాలకు ఇచ్చే సీవీఈ నంబర్లలో అవి సీవీఈ-2021-31870 నుంచి 31873 వరకు. మాలాక్‌లో కూడికలు, కాలాక్‌లో గుణకారం పరిమితి దాటిపోవడం, సీపీఐఓ పనిముట్టులో 32 బిట్, 64 బిట్ పూర్ణాంకాల తప్పులు. డెబియన్ 10.10లో వాటి సవరణలు వచ్చాయి. లైబ్రరీ కోడ్ మారింది, అడ్రస్‌లు కదిలాయి, హ్యాష్ మారింది. సంస్థ బిల్డ్ మెషీన్ 10.10కు వెళ్లింది. స్లాట్‌పిక్ మాత్రం ఎప్పుడో కంపైల్ చేసి రిపాజిటరీలో పెట్టిన బైనరీ.

“సిమ్‌లింక్ పెడితే పోదా?”

ఈ విషయం తేలగానే అక్కడి కుర్ర ఇంజనీర్ ఒకరు అడిగారు: “సార్, పాత పేరుతో కొత్త ఫైల్‌కు ఒక సిమ్‌లింక్ పెడితే సరిపోతుంది కదండీ? మామూలు లైబ్రరీలకు అలాగే చేస్తాం.” సిమ్‌లింక్ అంటే ఒక పేరు మరో ఫైల్‌ను చూపించేలా పెట్టే లింకు. చాలా సహజమైన ప్రశ్న. ఇంటర్నెట్‌లో వెతికితే ఎవరికైనా ఇదే తోస్తుంది.

కానీ ఇది మామూలు లైబ్రరీ కాదు. సిమ్‌లింక్ పెడితే కెర్నల్ సంతోషంగా లోడ్ చేస్తుంది, ప్రోగ్రామ్ మొదలవుతుంది, మొదటి లైబ్రరీ కాల్ ఏదో ఒక ఫంక్షన్ మధ్యలోకి దూకుతుంది. అదృష్టం ఉంటే అక్కడే క్రాష్ అవుతుంది. లేకపోతే చదవమంటే రాస్తుంది. స్లాట్‌పిక్ బూట్ ప్రయత్నాల సంఖ్యను తగ్గించడానికి అదే బ్లాకులో రాసే ప్రోగ్రామ్ కూడా. రూట్ అధికారంతో, డిస్కు తెరిచి ఉన్నప్పుడు, ఏ కోడ్ నడుస్తుందో తెలియని స్థితి ఇది. పాత, కొత్త లైబ్రరీల సింబల్ జాబితాలు పక్కపక్కన పెట్టి ఆయనకు చూపించాను. ఒకచోట నుంచి కిందికి అడ్రస్‌లన్నీ జరిగిపోయి ఉన్నాయి. ఆయనకు వెంటనే అర్థమైంది. నిజానికి లైబ్రరీ తన పని తాను సరిగ్గా చేసింది: కుదరని ప్రోగ్రామ్‌ను నడవనివ్వలేదు. ఆ తిరస్కారాన్ని దారిలో అందరూ మింగేశారు.

ఎవరెవరు మింగారు

మొదటిది బిల్డ్. స్లాట్‌పిక్‌ను ఇమేజ్‌లో పెట్టే హుక్ స్క్రిప్టు, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ పనిముట్లలోని కాపీఎగ్జెక్ ఫంక్షన్ వాడింది. అది ఎల్‌డీడీ సాయంతో ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీలు కనుక్కుని కాపీ చేస్తుంది. కేలిబ్‌సి ప్రోగ్రామ్‌లో డైనమిక్ సెక్షనే ఉండదు కాబట్టి ఎల్‌డీడీ ‘ఇది డైనమిక్ ప్రోగ్రామ్ కాదు’ అంటుంది, కాపీఎగ్జెక్ తనకు పని లేదనుకుని ముందుకు వెళ్తుంది. కేలిబ్‌సి లైబ్రరీని వేరే హుక్ కాపీ చేస్తుంది, అదీ ఆ రోజు వ్యవస్థలో ఉన్న వెర్షన్‌ను మాత్రమే. ఇన్నాళ్లూ రెండూ కుదరడం యాదృచ్ఛికం.

రెండోది బూట్ స్క్రిప్టు. షెల్ 127 అనే ఎగ్జిట్ కోడ్ ఇచ్చింది, స్క్రిప్టు దాన్ని చూడకుండా ఖాళీ జవాబును ‘ఎ’గా తీసుకుంది. ‘సమాధానం లేదు’ అన్నదాన్ని ‘ఎ అని సమాధానం వచ్చింది’ అన్నదానితో కలిపేయడం బూట్ కోడ్‌లో చాలా ప్రమాదకరం.

మూడోది పరీక్ష. బల్ల మీద పెట్టెలను కొత్త ఇమేజ్‌తో మొదటి నుంచి నింపి పరీక్షించారు. కొత్తగా నింపిన పెట్టె ఎప్పుడూ స్లాట్ ఎ నుంచే లేస్తుంది. స్లాట్‌పిక్ నడిచినా నడవకపోయినా ఫలితం ఒకటే.

బాగుచేసిన తీరు

స్లాట్‌పిక్‌ను కేఎల్‌సీసీ కంపైలర్ తొడుగుతో స్టాటిక్‌గా కట్టాం. లైబ్రరీలోంచి వాడిన భాగాలే ప్రోగ్రామ్‌లోకి వస్తాయి, ఇంటర్‌ప్రెటర్ వరుస ఉండదు, హ్యాష్ గొడవ ఉండదు. జీలిబ్‌సితో స్టాటిక్‌గా కడితే వందల కిలోబైట్లయ్యేది, కేలిబ్‌సితో కొద్ది కిలోబైట్లలోనే ఉంది.

స్టాటిక్ అనగానే గది తేలికపడింది. నాకు మాత్రం అక్కడే ఆందోళన మొదలైంది. స్టాటిక్ ప్రోగ్రామ్‌లో పాత మాలాక్ పాతుకుపోతుంది. డెబియన్ ఎన్ని సవరణలు పంపినా ఆ బైనరీలోకి చేరవు, ఏ ఎర్రరూ రాదు. షేర్డ్‌గా ఉన్నప్పుడు కనీసం ఆగిపోయి గుర్తుచేసింది. అందుకే బైనరీని రిపాజిటరీలోంచి తీసేయించి, ప్రతి ఇమేజ్ బిల్డ్‌లోనూ ఆ రోజు ఉన్న కేలిబ్‌సితో సోర్సు నుంచి కట్టేలా మార్చాం. దీనికి ఒప్పించడానికి కొంత వాదించాల్సి వచ్చింది. బిల్డ్ మెషీన్ మీద కేలిబ్‌సి డెవలప్‌మెంట్ ప్యాకేజీ ఒకటి అదనంగా ఉండాలన్నదే వాళ్ల అభ్యంతరం.

ఈ భాగంలో భద్రత గురించి నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. బూట్ తొలి దశ చిన్నది కాబట్టి సురక్షితం అనుకోవడం మామూలే. 2011లో ఇదే కేలిబ్‌సిలో సీవీఈ-2011-1930 వచ్చింది. ఐపీకాన్ఫిగ్ పనిముట్టు డీహెచ్‌సీపీ సర్వర్ (నెట్‌వర్క్‌లో ఐపీ అడ్రస్‌లు పంచేది) ఇచ్చిన విలువల్లో షెల్ కమాండ్‌గా చెల్లే గుర్తులను కట్టడి చేయకుండా ఒక ఫైల్‌లో రాసేది, ఆ ఫైల్‌ను బూట్ స్క్రిప్టులు షెల్‌లోకి నేరుగా చదువుకునేవి. అదే నెట్‌వర్క్‌లో ఎవరైనా తయారుచేసిన డీహెచ్‌సీపీ జవాబు పంపితే, బూట్ అవుతున్న యంత్రంలో రూట్‌గా వాళ్ల కమాండ్ నడుస్తుంది. ఫైర్‌వాల్ ఇంకా లేవదు, లాగ్ రాసేవాడు ఇంకా లేవడు.

హుక్‌లో ఒక తనిఖీ కూడా చేర్చాం. ఇమేజ్‌లోకి వెళ్లే ప్రతి ఎల్ఫ్ ఫైల్‌కు రీడ్‌ఎల్ఫ్‌తో ఇంటర్‌ప్రెటర్ పేరు తీసి, ఆ ఫైల్ ఇమేజ్‌లో ఉందో లేదో చూస్తుంది. లేకపోతే హుక్ ఎర్రర్‌తో ఆగుతుంది, దానితో ఇమేజ్ తయారీ ఆగుతుంది. ఇది షెల్‌లో కొద్ది వరుసల పని. కేలిబ్‌సి వాడినా, మజల్ అనే మరో సి లైబ్రరీ వాడినా, జీలిబ్‌సి వాడినా పనికొస్తుంది.

ఇక కోల్డ్ స్టోరేజీల్లో ఉన్న పెట్టెల సంగతి. లాన్ మీద ఉన్నవాటికి కొత్త ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఒక్కటే పంపాం. స్లాట్ బిలో అప్‌డేట్ ఎప్పుడో సరిగ్గా రాసి ఉంది, బ్లాకులో ‘బి’ అనే ఉంది కాబట్టి ఒక్క రీబూట్‌తో కొత్త రూట్ మీద లేచాయి. డాంగిల్ పెట్టెలకు మనుషులను పంపాలనుకున్నారు. ఈథర్నెట్ డ్రైవర్ వాటిలోనూ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ నుంచే లోడ్ అయి ఉంది కదా. కోల్డ్ స్టోరేజీ ఆఫీసు రౌటర్ నుంచి ఒక కేబుల్ తెచ్చి పెట్టెకు తగిలించమని అక్కడి ఉద్యోగులకు ఫోన్‌లో చెప్పాం. రౌటర్ ఉన్నచోటల్లా పెట్టెలు నెట్‌లోకి వచ్చాయి. లేనిచోటికే మనిషి వెళ్లాడు.

కెర్నల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లను కూడా స్లాట్‌లవారీగా విడగొట్టమని సలహా ఇచ్చాను. దానికి బూట్‌లోడర్ మార్చాలి. కోల్డ్ స్టోరేజీల్లో నడుస్తున్న పెట్టెల్లో బూట్‌లోడర్ జోలికి వెళ్లడం వాళ్లకు ఇష్టం లేదు, ఆ భయం సమంజసమే. అందుకని బూట్ స్క్రిప్టునే మార్చాం. స్లాట్‌పిక్ 126, 127 కోడ్‌లతో తిరిగి వస్తే, లేదా ‘ఎ’, ‘బి’ కానిదేదైనా ముద్రిస్తే, స్క్రిప్టు ఇక ఊహించదు. రెండు స్లాట్‌లనూ రీడ్ ఓన్లీగా ఒక్కొక్కటే మౌంట్ చేసి, నడుస్తున్న కెర్నల్ వెర్షన్ పేరుతో మాడ్యూల్స్ డైరెక్టరీ దేనిలో ఉందో చూస్తుంది. ఉన్నదాన్నే రూట్‌గా తీసుకుంటుంది. రెండింటిలోనూ ఉంటే ఎక్కువ వరుస సంఖ్య ఉన్న విడుదల ఫైల్‌ను బట్టి ఎంచుకుంటుంది. ఏ స్లాట్‌లోనూ లేకపోతే కారణాన్ని సీరియల్ కన్సోల్ మీద ముద్రించి, ‘ప్యానిక్’ పారామీటర్‌లో ఇచ్చిన వ్యవధి తర్వాత రీబూట్ అవుతుంది.